పాత కంప్యూటర్‌ను పాత ఇనుముకు వెయ్యకండి, ఒకే చేన్లో రెండు పంటలు తీయొచ్చు

ఈసారి పోస్టు కంది చేనుకు పట్టిన పురుగు గురించి కాదు, కంప్యూటర్ గురించి. మనకెందుకులే అని దాటిపోకండి. భూమి రికార్డు తీయాలన్నా, పీఎం కిసాన్ పైసలు పడ్డయో లేదో చూడాలన్నా, సంఘం లెక్కలు రాయాలన్నా ఇప్పుడు అదే దిక్కు. మన ఇండ్లల్లో, సంఘం ఆఫీసుల్లో ఉన్నవి చాలావరకు ఏడెనిమిదేండ్ల కింద కొన్నవే. ఇప్పుడు వాటికే గండం వచ్చింది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేసింది. నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకో ఏడాది రక్షణ అప్‌డేట్లు ఇస్తామన్నది, అంతే. మిషన్ ఆగిపోదు, నడుస్తనే ఉంటది. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదు. కంచె విరిగినా కట్టేవాడు లేని చేను లెక్క. పోనీ విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు 8వ తరం నుంచే ఒప్పుకుంటది. మా సంఘం ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. 6వ తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. కొత్తది కొనాలంటే విత్తనాలు, ఎరువుల టైములో సంఘం డబ్బులు తీయాలి. అందుకే దాన్ని సంచిలో పెట్టుకొని పట్నం పోయిన.

మన తాండూరు దిక్కు నుంచి రైలెక్కితే నాంపల్లిలో దిగొచ్చు. అక్కడి నుంచి అబిడ్స్ నడిచే దూరమే. చిరాగ్ అలీ లేన్ నిండా కంప్యూటర్ షాపులు, రిపేరు దుకాణాలు. ఈ చిరాగ్ అలీ అంటే వెనకట నిజాం సర్కారులో రెవెన్యూ, ఆర్థిక శాఖల్లో పెద్ద ఉద్యోగాలు చేసిన మౌల్వీ. ఒక మాట గుర్తుపెట్టుకోండి, ఆదివారం పోకండి. ఆ రోజు అబిడ్స్‌లో చాలా షాపులు బంద్ ఉంటయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతరు.

ఒక షాపులో చూపిస్తే, "ఫార్మాట్ కొడతా అన్నా, గంటలో అయిపోతది" అన్నడు. ఫార్మాట్ అంటే చేను మొత్తం దున్నేసుడే. అందులో 2017 నుంచి సంఘం సభ్యుల కంది అమ్మకాల లెక్కలున్నయి. ఎవరికి ఎంత ఇచ్చినం, ఎవరికి ఎంత బాకీ ఉన్నం, అన్నీ అండ్లనే. బయలుదేరే ముందే రెండు కాపీలు తీసి, ఒకటి ఇంట్ల, ఒకటి ఇంకో సభ్యుని దగ్గర పెట్టినం. అయినా ఫార్మాట్ వద్దన్న.

అక్కడి నుంచి లేచి ఇంకో దుకాణానికి పోయిన. అక్కడి పిల్లగాడు లినక్స్ మాట చెప్పిండు. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిండు దీన్ని. లైసెన్సు పైసలు లేవు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మన హైదరాబాద్‌లోనే 2005లో మొదలైన స్వేచ్ఛ వాళ్లు తెలుగు లినక్స్ తయారు చేసిండ్రు. లినక్స్‌లో రకాలు బోలెడు. మేము తీసుకున్నది లినక్స్ మింట్, పాత మిషన్లకు సరిపోయే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం.

నాకు బాగా నచ్చింది ఏందంటే, దీన్ని ఎక్కించక ముందే నడిపి చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే కంప్యూటర్ ఆన్ చేస్తే, లోపలి డిస్కును ముట్టకుండానే నడుస్తది. గోనెపట్ట తడిపి వంద గింజలు పెట్టి మొలక చూసినట్టే. వైఫై పట్టిందా, ప్రింటర్ పలికిందా, తెలుగు అక్షరాలు సరిగ్గా కనబడ్డయా, అన్నీ అక్కడే చూసుకున్న.

తర్వాత గట్టు వేసుడు. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి పోయి, 500 జీబీలో 100 జీబీ జాగా విడిపించిండు. దానికి ముందు రెండు పనులు చేసుకోవాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చే ఒక్క తెర మీద ఉంది. "విండోస్ పక్కన ఎక్కించు" అని ఒక వరుస, దాని కిందనే "డిస్కు మొత్తం తుడిచి ఎక్కించు" అని ఇంకో వరుస. రెండింటికీ మధ్య వేలెడు దూరం కూడా లేదు. పిల్లగాడు మాట్లాడుకుంటనే మౌస్ జరుపుతుంటే, "ఆగు, ఏ వరుస నొక్కుతున్నవో చదివి చెప్పు" అన్న. నవ్విండు గానీ చదివి చెప్పిండు. మీరూ చదివించుకోండి, మొహమాటపడకండి. ఆ తెర మీద పొరపాటు జరిగితే ఎనిమిదేండ్ల లెక్క పోతది.

ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేస్తే ఏది కావాలని అడుగుతది. బ్యాంకు, భూమి రికార్డులు, ఇంటర్నెట్ పనులన్నీ లినక్స్‌లో. మా గుమాస్తా లెక్కలు రాసే టాలీ విండోస్ సాఫ్ట్‌వేర్. ప్రింటింగ్ ప్రెస్సువాళ్లు అడిగే అను ఫాంట్లదీ అదే కథ. అందుకే విండోస్‌ను తీసెయ్యలేదు, కానీ దానికి ఇంటర్నెట్ ఇయ్యం. ఎక్సెల్ ఫైళ్లు లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకుంటున్నయి. కొన్నింట్ల గీతలు, గళ్లు కొంచెం జరుగుతయి, సవరించుకుంటున్నం. వేలిముద్ర మిషన్ పని ఉన్నవాళ్లు మాత్రం అది లినక్స్‌లో నడుస్తదో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

కంపెనీ చేతులెత్తేసినంత మాత్రాన మన వస్తువు పాడైనట్టు కాదు. చేను మనది, అండ్ల ఏం వెయ్యాలో చెప్పాల్సింది మనం. పాత పంట పీకకుండానే పక్క సాలులో కొత్తది వేసుకోవచ్చు, పత్తిలో కంది వేసినట్టు. కాకపోతే నాగలి కట్టే ముందు గింజలు ఇంట్ల దాచుకోండి. రెండు కాపీలు, రెండు వేర్వేరు ఇండ్లల్లో. అది అయినంకనే అబిడ్స్ బయలుదేరండి.