విజయ అన్నా గంజాయి అన్నా ఒకటే మొక్క

మాది కృత్తివెన్ను మండలం. యానాదులం. రొయ్యల చెరువుల కాపలా, పీతల వేట మా పని. మా పేటలో గంజాయి మొక్కని చూసినవాళ్లే లేరు. అయినా హాస్టల్లో ఎస్టీ అనగానే "సరుకుందా?" అని నవ్వుతారు. దాన్ని పట్టించుకోను.

"ఆయుర్వేదంలో మందే కదరా" అనే మాట మాత్రం వేరు. అందులో సగం నిజం ఉంది కాబట్టే రాస్తున్నా.

శార్ఙ్గధర సంహితలో భంగ పేరుంది. విజయ అన్నా అదే. జాజికాయతో చేసే జాతీఫలాది చూర్ణంలో పడుతుంది. గ్రహణికి, అంటే మాటిమాటికీ వచ్చే విరేచనాలకి ఇస్తారు. అయితే ఆకుని ఉన్నదున్నట్టు వెయ్యరు. కడిగి, ఆరబెట్టి, నేతిలో సన్నసెగ మీద వేయించి శుద్ధి చేస్తారు. మా తాత కూడా నల్లజీడి గింజని శుద్ధి చెయ్యకుండా ఎవరికీ ఇచ్చేవాడు కాదు, ఎంత బతిమాలినా సరే. ప్రభుత్వ నిబంధనల్లో కూడా భంగ విషద్రవ్యాల జాబితాలోనే ఉంది (గింజలు తప్ప). అది కలిసిన మందు వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి.

చట్టం సంగతి ఇంకా గట్టిది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. బ్యాగుల్లో దాటించేది అదే, చూర్ణం కాదు. 20 కేజీలు దాటితే కనీసం పదేళ్ల జైలు. బెయిలు దొరకడం చాలా కష్టం. "బ్యాగులో ఏముందో నాకు తెలీదు సార్" అంటే చాలదు, తెలీదని మనమే రుజువు చేసుకోవాలి.

"ఈ బ్యాగు విజయవాడలో ఇచ్చేయ్, మందు మొక్కేలే" అని ఎవరన్నా అంటే, ఏ వైద్యుడు రాసిచ్చాడో చీటీ చూపించమనండి.