ఆర్నెల్ల ఓదార్పు చాలదు

మా చిత్తూరు, తిరుపతి వైపు నుంచి విదేశాలకు పోయిన పిల్లలు దిగులుపడితే ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఒకటే: ‘ఆర్నెల్లు ఓర్చుకో, అలవాటైపోతుంది.’ ప్రేమతో చెప్పేదే, కానీ నమ్మదగిన గడువు కాదు. అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వే విద్యావంతులను పరిశీలించి స్వెర్రె లిస్‌గార్డ్ 1955లో ప్రకటించిన ఫలితాల్లో, అందరికన్నా తక్కువగా కుదురుకున్నది ఆరు నుంచి పద్దెనిమిది నెలలు ఉన్నవాళ్లే. అందరిదీ అదే తీరు కాదని తరువాతి పరిశోధకులు అన్నారు. అంటే ఏ గడువూ అందరికీ సరిపోదు. పెట్టిన గడువు దాటినా దిగులు తీరకపోతే లోపం తనలోనే ఉందనుకుని బిడ్డ మాట్లాడటం మానేస్తుంది.

కాలం కన్నా ముందు చూడాల్సింది మోసుకుపోయిన బరువు. చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన సి.ఆర్.రెడ్డి 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో ఖర్చు బరువు లేకుండా కేంబ్రిడ్జి వెళ్లారు; అక్కడి యూనియన్ చర్చా సంఘానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. అది ఆయన ప్రతిభే, డబ్బుతో పనేమిటని అడగవచ్చు. నిజమే, డబ్బొక్కటే చాలదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1911లో ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆదరించే సంపన్నులకు కొదవ లేదు. అయినా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలు గట్టెక్కలేకపోయారు. ఆయన మీద ఉన్నది అప్పు కాదు, జగద్గురువు కావాలన్న పెద్దల ఆశ. ఇతరుల ఆశ కూడా బరువే.

ఇప్పటి పిల్లల మీద అప్పూ ఆశా రెండూ కలిసి పడుతున్నాయి. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. మామిడితోట కాగితాలు బ్యాంకుకు చేరాక ‘నాకు బాగలేదు’ అనడానికి నోరెలా వస్తుంది? అమెరికాలో చదువు సాగే రోజుల్లో క్యాంపస్ పని వారానికి ఇరవై గంటలు మించకూడదు. ఆ సంపాదనతో అప్పు తీరదు. అక్కడ మనవాళ్లు బోలెడుమంది ఉన్నారుగా అంటారు. తోడు, తిండి దొరుకుతాయి, మేలే. కానీ అక్కడ చెప్పుకున్న కష్టం రేపు ఊరికి చేరుతుందన్న భయమూ ఆ తోడు వెంటే ఉంటుంది.

తిరిగి రావచ్చని ముందే చెబితే పట్టుదల సడలుతుందన్న వాదన ఒకటి ఉంది. కానీ దారి మూసుకుపోయిందనుకున్నవాళ్లే కష్టాన్ని చివరిదాకా దాస్తారు. దారి ఉందని తెలిసినవాళ్లు మొదట్లోనే చెప్పుకుంటారు, యూనివర్సిటీ కౌన్సెలర్‌ను కలుస్తారు, నిలదొక్కుకుంటారు. అందుకే విమానం టికెట్టుతో పాటు తిరుగు ప్రయాణానికి డబ్బు విడిగా ఉంచండి. అప్పు తీర్చే లెక్కలో చదువు మధ్యలో ఆగిపోయే అవకాశాన్నీ కలపండి. ‘కుదరకపోతే వచ్చేయ్, తోట సంగతి మేం చూసుకుంటాం’ అని బయలుదేరకముందే నోరారా చెప్పండి.