మా బామ్మర్ది బిగ్‌బోర్ మోజు

ఇంటర్‌సెప్టర్ 650కి 865 సీసీ కిట్ వేయిస్తానంటున్నాడు మా బామ్మర్ది. వేయించుకో, కాదన్నదెవరు? ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూని ట్యూన్ చేయించే మాటెత్తితే మాత్రం మొహం చిట్లిస్తాడు. అందులో కంపెనీ ఫ్యూయల్ మ్యాప్ రాసింది 648 సీసీకి. సిలిండర్ పెద్దదై గాలి ఎక్కువ పీలుస్తున్నా, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజెక్టర్ పెట్రోలు కొట్టేది పాత లెక్కనే. మిశ్రమం పలచబడుతుంది, వేడి పెరుగుతుంది, నాకింగ్ మొదలవుతుంది, చివరికి పిస్టన్‌కే ఎసరు. బండితో వచ్చిన ఆక్సిజన్ సెన్సర్‌ని నమ్ముకుందామా అంటే, దాని చూపు గాలి-పెట్రోలు నిష్పత్తి 14.7:1 చుట్టుపక్కలే. ఫుల్ లోడ్‌లో కావాల్సింది దాదాపు 13:1. వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, డైనో మీద ట్యూన్ చేయించాల్సిందే. అప్పుడు కూడా ఇంజెక్టర్ డ్యూటీ, అంటే అది తెరుచుకుని ఉండే సమయం, 85 శాతం దాటుతుంటే పెద్ద ఇంజెక్టర్ వేయాలి. ఇదంతా దండగ ఖర్చట! సైలెన్సర్ మోతకైతే అడక్కుండానే పర్సు తీస్తాడు.