నాలుగో బైటు

మా సర్వర్ కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్. 2 జీబీ ర్యామ్, 32 బిట్ విండోస్ 7, ప్లగ్ పీకితే ఆరిపోయే బ్యాటరీ. దాంట్లో జాంప్ వేసి చిన్న పదకోశం నడపాలి: తెలుగు మాట, దానికి గోండి మాట, అదే మాట గుంజాల లిపిలో. ఉట్నూరు దిక్కు బడిలో పాఠాలు చెప్పే తమ్ముడొకడు అడిగిన పని ఇది. అక్కడ నెట్‌ను నమ్ముకుని క్లాసు తీసుకోలేం. లాప్‌టాప్‌కు ఒక పాత వైఫై రౌటర్ కడితే, నెట్ లేకున్నా చుట్టుపక్కల ఫోన్లలో పేజీ తెరుచుకుంటుంది.

మొదట అపాచీ లేవలేదు. 80వ పోర్టును ఏదో వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ పట్టుకుని కూర్చుందని నెట్‌స్టాట్ చెప్పింది. 8080కి మార్చాను, లేచింది. ఇట్లాంటివి అందరికీ వచ్చేవే.

అసలు కథ తర్వాత మొదలైంది.

"అన్నా, తెలుగు మంచిగనే వస్తంది. మా అక్షరం పెట్టంగనే ఖాళీ" అన్నాడు తమ్ముడు. నిజమే. సేవ్ అయినట్టే చెబుతుంది. తెరిచి చూస్తే గడిలో ఏమీ లేదు. ఎర్రర్ కూడా లేదు.

గుంజాల ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని ఊరు. అక్కడ దొరికిన రాతప్రతుల వల్లే ఈ లిపి బయటి లోకానికి తెలిసింది. 2018లో యూనికోడ్ 11లో 63 సంకేతాలతో చోటు దొరికింది. మన తెలుగు 1991 నుంచీ, అంటే మొదటి కూర్పు నుంచీ, అందులో ఉంది. ముందొచ్చిన తెలుగు అక్షరానికి మూడు బైట్లు చాలు. ఆలస్యంగా వచ్చిన గుంజాల అక్షరానికి నాలుగు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అని రాసి ఉన్నది మాత్రం మూడు బైట్లకు మించి పట్టదు. స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే నాలుగు బైట్ల అక్షరం తగిలిన చోటి నుంచి మిగతాదంతా కోసేస్తుంది. గోండి మాటలో మొదటి అక్షరమే అది కాబట్టి, మిగిలేది సున్న.

దీనికి మందు 2010లో, 5.5.3లోనే వచ్చింది: యూటీఎఫ్8ఎంబీ4. ఎమోజీలు కూడా చాలావరకు నాలుగు బైట్లవే. చాలామంది ప్రోగ్రామర్లు ఈ తేడాను ఆ నవ్వు మొహాల పుణ్యాన్నే నేర్చుకున్నారనుకుంటా. ఒక భాష బడిలోకి రావడానికి ఎమోజీ దారి వేయడం నాకు నవ్వూ తెప్పించింది, కొంచెం కోపమూ తెప్పించింది.

టేబుల్ ఒక్కటే మార్చితే సరిపోదు. పీహెచ్‌పీ డేటాబేస్‌తో మాట్లాడే కనెక్షన్‌కూ అదే చెప్పాలి. రెండూ అయ్యాక గడిలో డబ్బాలు కనిపించాయి. డబ్బాలు చూసి సంతోషపడటం అదే మొదటిసారి. అక్షరం లోపలికి చేరింది, ఇక ఫాంటే తక్కువ. నోటో సాన్స్ గుంజాల గోండిని సర్వర్ ఫోల్డర్‌లోనే పెట్టి పేజీకి తగిలించాను, ఫోన్లలో ఎవరూ విడిగా వేసుకునే పని లేకుండా.

తమ్ముడు మొదట ఎక్కించిన మాట 'ఏర్'. గోండిలో నీళ్లు. మనకు ఏరు గుర్తొస్తుంది. స్క్రీన్ మీద దాన్ని కాసేపు చూసి, "గీ అక్షరాలు కొట్టుడెట్ల అన్నా, కీబోర్డుల లేవు గద?" అన్నాడు.

ఇప్పుడు పేజీ కింద అక్షరాల బటన్లు పేరుస్తున్నాను. ఒత్తులు ఇంకా సరిగా అతకడం లేదు.