ఫోను తీగ చివర ఓ ఊరు

ఆ ఊరికి బస్సు లేదు, రైలూ లేదు. ఇంట్లో ఓ కమొడోర్ 64 కంప్యూటర్, దానికో మోడెమ్, ఓ ఫోను లైను ఉంటే చాలు. 1986 నుంచి రెండేళ్లపాటు అమెరికాలో కొన్ని వందల మంది అలాగే వెళ్లొచ్చేవారు. ఊరి పేరు హాబిటాట్. బొమ్మల లోకంలో బోలెడుమంది ఒకేసారి కలిసి తిరగడానికి జరిగిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. 'స్టార్‌వార్స్' సినిమాలు తీసిన లూకాస్‌ఫిల్మ్ వారి ఆటల విభాగం దీన్ని కట్టింది. మేస్త్రీలు ఇద్దరు... చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్.

ఊళ్లో అడుగుపెట్టినవారికి ఓ ఇల్లు, బ్యాంకులో 2000 టోకెన్లు. రోజూ వచ్చి మొహం చూపిస్తే మరో వంద! వీధుల్లో ఏటీఎంలు, వస్తువులమ్మే యంత్రాలు ఉండేవి. చొక్కా మార్చినంత తేలిగ్గా తల మార్చుకోవచ్చు. మాట్లాడితే ఆ మాటలు తెర పైభాగాన బుడగలో కనిపించేవి. తెరమీద తిరిగే మనిషి బొమ్మకు పెట్టిన పేరు 'అవతార్'. అచ్చంగా మన మాటే. దేవుడు వైకుంఠం నుంచి దిగొస్తే, వీళ్లు ఫోను తీగలోంచి దిగేవారు.

ఊరికి జనాన్ని రప్పించాలంటే ఏదో ఒక సందడి ఉండాలి కదా! మేస్త్రీలిద్దరూ వారాల తరబడి కూర్చుని ఓ సాహసయాత్రకు పథకం వేశారు. దానికోసం ప్రత్యేకంగా ఓ దీవినే కట్టారు. జనం రోజుల తరబడి అందులో మునిగితేలుతారనుకున్నారు. తీరా చూస్తే ఆరితేరిన కొందరు ఆటగాళ్లు కలిసి సుమారు ఎనిమిది గంటల్లో దాన్ని ముగించేశారు. మిగతావారు అప్పటికింకా బయల్దేరనేలేదు.

అంతకన్నా మంచి సందడి మేస్త్రీల పొరపాటులోంచి పుట్టింది. ఒక యంత్రంలో బొమ్మ ధర 75 టోకెన్లు. ఊరికి ఆ చివరనున్న తాకట్టు దుకాణంలో అదే బొమ్మకు వంద ఇస్తారు. ఇంకోచోట 18,000కు దొరికే స్ఫటిక గోళానికి అక్కడ 30,000! ఇది కనిపెట్టిన ఒకరిద్దరు ఓ రాత్రి ఉన్న డబ్బంతా పెట్టి బొమ్మలు కొన్నారు. ఆ చివరికి మోసుకెళ్లి అమ్మారు, మళ్లీ వచ్చి కొన్నారు. గంటల తరబడి అదే పని. గోళం కొనేంత డబ్బు చేరాక గోళాలు మోయడం మొదలుపెట్టారు. తెల్లారేసరికి ఊళ్లో మొత్తం డబ్బు ఐదింతలైంది! మేస్త్రీలు లబోదిబోమన్నారు. పోనీ దొంగతనమా అంటే కాదు, ధరలు పెట్టింది తామే. వెనక్కి లాక్కోకుండా ఊరుకున్నారు... ఆ ఊరి చరిత్రలో వారు చేసిన తెలివైన పని బహుశా ఇదే. ఎందుకంటే ఆ కొత్త కోటీశ్వరులు సొంత సొమ్ముతో ఊరందరికీ నిధివేట పోటీలు పెట్టారు. దీవి చేయలేని పని ఆ డబ్బు చేసింది.

ఊరన్నాక గొడవలూ ఉంటాయిగా. ఆటే కదా అని అక్కడ తుపాకులు కూడా అమ్మారు. చచ్చినవాడు ఖాళీ జేబులతో, తల చేత్తో పట్టుకుని తన ఇంట్లో తేలేవాడు! కొందరికి అది సరదా. దోపిడీకి గురైనవారికి మాత్రం ఒళ్లు మండింది. ఇది ఒట్టి ఆటా, నిజం ఊరా అన్న వాదం మొదలైంది. మేస్త్రీలు తీర్పు చెప్పకుండా తప్పుకున్నారు. నిజజీవితంలో గ్రీకు ఆర్థడాక్స్ పూజారి అయిన ఒకాయన అక్కడ ఓ చర్చి తెరిచాడు. పేరు 'పవిత్ర వాల్‌నట్ సంఘం'. అందులో చేరినవాళ్లు ఆయుధం పట్టకూడదు, దొంగతనం చేయకూడదు. ఆయనకు ఊళ్లో బోలెడు గౌరవం. ఇంకొందరు ఎన్నికలు పెట్టి ఓ షరీఫ్‌ను ఎన్నుకున్నారు. అయితే ఆయనకు ఏ అధికారాలుండాలో మాత్రం తేలనేలేదు! ఊరి కబుర్లు మోసే వారపత్రిక ఒకటి నడిచేది. దాని సంపాదకుడూ ఆ ఊరివాడే, జీతం లేదు.

1988లో ఆ ఊరు మూతబడింది. చిన్న రూపంలో 'క్లబ్ కరీబ్' పేరిట మళ్లీ తెరిచారు. 1990లో ఫుజిత్సు సంస్థ జపాన్‌లో మరో హాబిటాట్ కట్టింది. అసలు ఊరి ప్రోగ్రామును 2016లో ఓక్లాండ్‌లోని డిజిటల్ వినోద మ్యూజియం చొరవతో అందరికీ అందుబాటులో పెట్టారు. ఔత్సాహికులు దుమ్ము దులిపి దానికి మళ్లీ ప్రాణం పోశారు. పాత మేస్త్రీ ఫార్మర్ కూడా వారితో చేయి కలిపాడు.