అరిగిన పళ్లు, పొడవైన చైను

సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, చైను మీద స్కేలు ఆనించాను. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. అలాంటివి 24 కలిస్తే సరిగ్గా ఒక అడుగు. ఈ చైనులో ఆ అడుగు ఎనిమిదో వంతు అంగుళం ముందుకు జరిగింది.

ఇనుము సాగలేదు. ప్రతి పిన్నూ ఉన్నచోటే కాస్త కాస్త అరిగింది. ఒక్కోదాని అరుగుదల కంటికి ఆనదు. అన్నీ కలిసి చైను పొడవైంది. వెనక ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగి, ఆ పొడవుకు తగ్గట్టు ఒదిగిపోయాయి. ఇప్పుడు చైను ఒక్కటే కొత్తది వేస్తే, ఎత్తు ఎక్కేచోట ఆ పళ్ల మీంచి జారిపోతుంది. పాతవి రెండూ మాత్రం, ఏళ్ల కాపురం చేసిన దంపతుల్లా, ఒకదాని లోపానికి ఒకటి అలవాటుపడి తిరుగుతున్నాయి.

నాన్న చైను వదులైతే వెనక చక్రాన్ని కాస్త వెనక్కి లాగి బిగించేవాడు. లాగే చోటు అయిపోతే ఒక లింకు తీయించేవాడు. కిరోసిన్‌తో కడిగి, నూనె చుక్కలు వేసేవాడు. మార్చడం ఆఖరి మాట. ఆ పొదుపులో లేమి ఎంతో, వస్తువు మీద గౌరవమూ అంతే.

చైనును వేళకు మారిస్తే పళ్లు ఎక్కువకాలం మన్నుతాయి. వేళ దాటితే రెంటినీ కలిపే పంపాలి. ఇంతకీ నిలుపుకోవాలనుకునేది వస్తువునా, దాంతో చేసే ప్రయాణాన్నా? ప్రయాణమే అయితే, అరిగినవాటికి సెలవు చెప్పడం కృతఘ్నత అనిపించదు. అవి ఇంతదూరం తెచ్చాయి కనుకే ఇంకా ముందుకు వెళ్లాలనిపిస్తోంది.