ఆధార్ కార్డుతో ఆంధ్రా ప్యారిస్!

ప్యారిస్ చూడాలంటే పాస్‌పోర్టు కావాలి, వీసా కావాలి, వాటితోబాటు బోలెడంత డబ్బూ కావాలి. ఆంధ్రా ప్యారిస్ చూడాలంటే ఆధార్ కార్డు ఒక్కటి చాలు... అదీ మీరు ఆడపిల్లలైతే! మగమహారాజులు మాత్రం జేబులోంచి చిల్లర తీయాల్సిందే.

ఆంధ్రా ప్యారిస్ అంటే మరేదో కాదండీ, మన తెనాలి. ఊరి మధ్య మూడు కాలవలు పారుతుంటే, నాటకాలూ సాహిత్యమూ షోకులూ వీధివీధినా కనబడుతుంటే ఎవరో ముచ్చటపడి పెట్టిన పేరు. ఇక్కడ గైడులు ఎదురురారు. "ఫలానా నటి పుట్టిన ఇల్లు" అని బోర్డులు కనబడవు. అయినా సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంతకన్న పెద్ద టూరిస్టు ఊరు ఉందంటే నేనొప్పుకోను. ఎందుకంటారా? కాంచనమాల ఈ ఊరమ్మాయి. ఊర్వశి శారద ఈ ఊరమ్మాయి. 'మిస్సమ్మ', 'గుండమ్మ కథ' తీసిన విజయా వారి చక్రపాణి ఈ ఊరాయన. సూపర్‌స్టార్ కృష్ణ పుట్టిన బుర్రిపాలెం, గుమ్మడి పుట్టిన రావికంపాడు, జగ్గయ్య పుట్టిన మోరంపూడి, జమున పెరిగిన దుగ్గిరాల... అన్నీ ఆ చుట్టుపక్కలే!

ఇక మా ఊరు పెనుమూడి. రేపల్లె దగ్గర, కృష్ణ ఒడ్డున. అవతలి ఒడ్డు పులిగడ్డ. వంతెన రాకముందు పడవల మీద దాటేవారు. ఇప్పుడు 216వ నంబరు జాతీయ రహదారి మా నెత్తిమీదుగానే పోతోంది. మా ఊరికి సినిమాతో సంబంధం ఏమిటని నవ్వకండి. ఏటికి అవతల మోపిదేవి దాటి కాస్త వెళితే చల్లపల్లి. 1938లో 'మాలపిల్ల' తీసిన సారథి ఫిలిమ్స్ ఆ చల్లపల్లి రాజావారిది. కథ చలంది, మాటలు తాపీ ధర్మారావువి, దర్శకత్వం గూడవల్లి రామబ్రహ్మానిది. మరి హీరోయిన్? తెనాలి కాంచనమాల! డబ్బు అవతలి ఒడ్డుది, అందం ఇవతలి ఒడ్డుది, మధ్యలో రేవు మా పెనుమూడి! చరిత్రకారులు ఒప్పుకోకపోయినా మా ఊరివాళ్ళు తప్పకుండా ఒప్పుకుంటారు.

ఇంతకీ ఈ ప్రయాణం నా కోసం కాదు, మా అమ్మమ్మ కోసం.

అమ్మమ్మకి డెబ్బై దాటాయి. కృష్ణ అభిమాని. అలాంటిలాంటి అభిమాని కాదు. 'తేనెమనసులు' 1965లో వచ్చిందనీ, 'గూఢచారి 116' ఆ మరుసటేడనీ, తెలుగులో మొదటి కౌబాయ్ బొమ్మ 'మోసగాళ్ళకు మోసగాడు' 1971లో అనీ, మొదటి సినిమాస్కోపు 'అల్లూరి సీతారామరాజు' 1974లో అనీ, మొదటి 70 ఎం.ఎం. 'సింహాసనం' 1986లో అనీ గడగడా ఒప్పజెప్పేస్తుంది. భారతంలో పర్వాలెన్నని అడిగితే మాత్రం పంతులుగార్ని అడగమంటుంది!

ఇన్ని తెలిసిన మనిషి వీటిలో హాలుకెళ్ళి చూసినవి ఎన్నో తెలుసా? రెండు. మిగతావన్నీ చూసొచ్చినవాళ్ళు చెబితే విన్నవే. రేపల్లె ఏమంత దూరం కాదు. కానీ తీసుకెళ్ళేవాళ్ళు ఉండాలిగా! 'అల్లూరి' వచ్చినప్పుడు తాతయ్యా, ఆయన తమ్ముళ్ళూ ఎగేసుకుంటూ వెళ్ళి చూసొచ్చారట. "ఆడవాళ్ళని ఇంకోరోజు తీసుకెళ్తాంలే" అన్నారట. ఈలోగా నాట్లు వచ్చాయి. నాట్లయ్యేసరికి హాల్లో బొమ్మ మారిపోయింది. అమ్మమ్మ ఆ సినిమా చూసింది ఎన్నో ఏళ్ళ తర్వాత, టీవీలో... అదీ మధ్యలో కరెంటు పోతే సగమే!

2022 నవంబరు 15న కృష్ణ పోయిన రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. "ఆయనుండగా ఆ బుర్రిపాలెమన్నా చూళ్ళేకపోయానే" అంది. "కారు మాట్లాడి తీసుకెళ్తానమ్మా, కాస్త ఖాళీ అవనీ" అన్నాడు మావయ్య. ఆ ఖాళీ మూడేళ్ళయినా అవలేదు. మావయ్య చెడ్డవాడు కాదు. కొడుకులందరికీ ఉండే జబ్బే ఆయనకీ ఉంది, అంతే.

2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' పథకం మొదలైంది. పల్లెవెలుగుల నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి రాష్ట్రమంతా ఉచితం. "మనిద్దరం బస్సులో వెళ్ళొద్దాం పద అమ్మమ్మా" అన్నాను. మావయ్య గయ్యిమన్నాడు. "మోకాళ్ళ నొప్పుల మనిషిని బస్సుల్లో తిప్పుతావుటే? నలుగురూ చూస్తే నా పరువేం కాను?"

"పరువు నీ దగ్గరే ఉంచుకోరా, మాకు టిక్కెట్టు కూడా అక్కర్లేదట" అంది అమ్మమ్మ. అప్పటికే చీర మార్చుకుని ఉంది!

పెనుమూడిలో ఎక్కిన బస్సులో కండక్టరు కార్డు చూసి, సున్నా రూపాయల టిక్కెట్టు కొట్టి అమ్మమ్మ చేతికిచ్చాడు. "నిజంగా డబ్బులొద్దా నాయనా?" అని రెండుసార్లు అడిగింది. "వద్దు మామ్మగారూ" అని రెండుసార్లూ ఓపిగ్గానే చెప్పాడు. ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాదేనటే?" అని నన్నడిగింది. ఇన్నేళ్ళూ ఆవిడ టిక్కెట్లు తాతయ్య జేబులోనో, మావయ్య జేబులోనో ఉండేవి. తన టిక్కెట్టు తన చేతిలో ఉండడం అదే మొదటిసారి! మడతపెట్టి చేతిసంచిలో దాచుకుంది. ఇప్పటికీ అందులోనే ఉంది.

రేపల్లెలో బస్సు మారాలి. తెనాలి బస్సు కిటకిటలాడుతోంది. ఎవరో కాలేజీ అమ్మాయి లేచి అమ్మమ్మకి సీటిచ్చింది. వెనకనుంచి ఒక పెద్దమనిషి "ఫ్రీ అనేసరికి పనీ పాటా లేకుండా తిరుగుతున్నారు జనం" అని గొణిగాడు. అమ్మమ్మ వెనక్కి తిరిగింది.

"యాభై ఏళ్ళు పనే చేశాం నాయనా. ఇప్పుడు పాట కోసం తిరుగుతున్నాం" అంది.

బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు పాపం!

దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర ఇక్కడి స్తూపం తవ్వితే ధాతువుల భరిణెలు బయటపడ్డాయి. వాటి మీది రాతకి పండితులు భట్టిప్రోలు లిపి అనే పేరు పెట్టారు. ఆ తర్వాత వేమూరు. టాకీల తొలిరోజుల్లో యముడంటే ఆయనే అనిపించుకున్న వేమూరి గగ్గయ్యది ఈ ఊరే. యముడి ఊరనగానే పక్కసీటు పిల్లాడు తల్లి ఒళ్ళోకి దూరాడు!

తెనాలిలో దిగాక మీకు కావాల్సినవి రెండే... నడక, షేరాటో. బోసు రోడ్డూ, మారీసుపేటా, చెంచుపేటా అంటూ ఆటోవాళ్ళే కేకలేస్తుంటారు. ముందు రైలు స్టేషను దగ్గరి రణరంగ చౌక్ చూడండి. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకి నేలకొరిగిన ఏడుగురి గుర్తు అది. తర్వాత బెల్లం జిలేబీ తినకుండా కదలొద్దు. నల్లగా ఉందని మొహం తిప్పుకున్నవాళ్ళు ఒక్క చుట్టు నోట్లో వేసుకుని చూడండి, మళ్ళీ చక్కెర జిలేబీ వంక కన్నెత్తి చూస్తే అడగండి!

స్టేషను ఎదట కూర్చుని జిలేబీ తింటూంటే నాకో సంగతి తట్టింది. ఒక్క ఊరి చుట్టూ ఇంతమంది తారలేమిటి? గాలీ నీరూ అంటారు కొందరు. కృష్ణ నీళ్ళు మా ఊరూ తాగుతుందిగా? అసలు కిటుకు ఈ పట్టాల్లో ఉంది. బెజవాడ నుంచి మద్రాసుకి రైలు దారి 1899లోనే కలిసింది, అదీ తెనాలి మీదుగా. 1916లో రేపల్లె దాకా మరో లైను వచ్చింది. పల్లెల్లో నాటకమాడేవాళ్ళకి తెనాలి దగ్గర, తెనాలి నుంచి స్టూడియోలున్న మద్రాసు ఒక్క బండి దూరం. తెర మీదికి వెళ్ళాలంటే ముందు టిక్కెట్టు కొనుక్కోవడానికొక స్టేషనుండాలి కదండీ!

కానీ ఆ టిక్కెట్టు అందరికీ దొరకలేదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో సత్యభామగా, చింతామణిగా వెలిగారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనంతటి ఆడవేషధారి లేడు, సరే. కానీ మగవాడు సత్యభామ వేషం కట్టాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఇళ్ళలోంచి ఆడవాళ్ళు స్టేజి మీదికి రావడం అంత కష్టం గనక! అలాంటి కాలంలో కాంచనమాల కెమెరా ముందు నిలబడింది. శారద చిన్నప్పుడే మద్రాసు చేరి అమ్మమ్మ పెంపకంలో పెరిగి, 'తులాభారం', 'స్వయంవరం', 'నిమజ్జనం' చిత్రాలకి మూడుసార్లు జాతీయ ఉత్తమనటి అయింది. 1996లో ఇదే తెనాలి నుంచి లోక్‌సభకి వెళ్ళింది.

చిత్రం చూశారా? హీరోయిన్లని కన్న ఊళ్ళివి. ఆ హీరోయిన్ల సినిమాలు చూడ్డానికి మాత్రం ఇక్కడి ఆడవాళ్ళకి "ఇంకోరోజు తీసుకెళ్తాంలే" అన్న మాటే మిగిలింది! మా అమ్మమ్మ ఒక్కతే కాదు, మీ ఇళ్ళలోనూ అడిగి చూడండి.

బుర్రిపాలెం తెనాలికి అయిదారు కిలోమీటర్లు. ఆటో ఎక్కాం. డ్రైవరు కుర్రాడు దారంతా మొరపెట్టుకున్నాడు. "ఫ్రీ బస్సులొచ్చాక బేరాల్లేవక్కా. పొట్టలు మాడుతున్నాయి."

"మీకు అక్టోబరులో పదిహేనువేలు ఇచ్చారుగా?"

"ఇచ్చార్లెండి. ఏడాదంతా డీజిలు దాంతోనే పొయ్యాలా?"

అతని మాట తీసిపారేసేది కాదు. ఆటో వాయిదా ఆగదు, పిల్లల ఫీజులూ ఆగవు. నేనేం చెప్పాలో తోచక ఊరుకున్నా. అమ్మమ్మే అందుకుంది. "ఒరే అబ్బాయ్, ఆ బస్సే లేకపోతే నేను నీ ఆటో ఎక్కేదాన్నట్రా?" కుర్రాడు అద్దంలోంచి ఆవిడ వంక చూశాడు. "అదీ నిజమేలే మామ్మగారూ" అన్నాడు. నిజం కొంత అతని వైపూ ఉంది, కొంత ఈవిడ వైపూ ఉంది. ప్రభుత్వాలవారు రెండూ వింటే బావుణ్ణు.

బుర్రిపాలెంలో చూడ్డానికేముందని అడక్కండి. చేలున్నాయి, చెట్లున్నాయి, అరుగుల మీద పెద్దవాళ్ళున్నారు. 2015లో మహేష్‌బాబు ఈ ఊరిని దత్తత తీసుకున్న కబుర్లు చెప్పేవాళ్ళున్నారు. కృష్ణ విగ్రహం ఉంది. అమ్మమ్మ దాని ఎదురుగా చాలాసేపు నిలబడింది. దణ్ణం పెడుతుందేమో అనుకున్నా. పెట్టలేదు. "ఇంత దగ్గరా!" అంది. ఆ ఒక్క మాటే. పెనుమూడి నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చేరాం. ఆవిడకి యాభై ఏళ్ళు పట్టింది.

తిరుగు ప్రయాణం రైల్లో పెట్టుకున్నాం. దానికి డబ్బులివ్వాలి గానీ, కిటికీ పక్కన చోటు దొరికితే ఆ దారి అందమే వేరు. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన... ఒక్కో స్టేషను పేరూ అమ్మమ్మ పైకి చదువుతూ కూర్చుంది. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి, అక్కణ్ణించి మళ్ళీ పల్లెవెలుగే. ఇల్లు చేరేసరికి దీపాల వేళయింది. మావయ్య గుమ్మంలోనే ఉన్నాడు. "మోకాళ్ళెలా ఉన్నాయమ్మా?" అనడిగాడు. "వాటి సంగతి ఇవాళ గుర్తే రాలేదురా" అంది.

మీరూ వెళతారా? కార్డు దగ్గరుంచుకోండి. నీళ్ళసీసా, గొడుగు తప్పనిసరి. ఆఖరి బస్సు వేళ పొద్దున్నే డిపోలో కనుక్కోండి. ఆటో ఎక్కేముందు రేటు మాట్లాడుకోండి గానీ, మరీ గీచి గీచి బేరమాడొద్దు. అబ్బాయిలూ, మీకు టిక్కెట్టు పడుతుందని అలగకండి. మీ అమ్మనో నాయనమ్మనో వెంట తీసుకెళ్ళండి, ఇద్దరికీ ఒక్క టిక్కెట్టు ఖర్చే!

పోయిన నెలలో అమ్మమ్మ పక్కింటావిడని వెంటేసుకుని రేపల్లెలో మ్యాట్నీ చూసొచ్చింది. ఎవరినీ అడగలేదు, వెళుతున్నానని చెప్పింది, అంతే. సినిమా ఎలా ఉందంటే "సినిమాకేం, దివ్యంగా ఉంది. హీరోకే డాన్సు తప్ప ఏమీ రాదు" అంది.

ఇప్పుడు రావికంపాడు వెళ్ళే బస్సెప్పుడో కనుక్కోమని నా ప్రాణం తీస్తోంది. "గుమ్మడి మీద ఇంత అభిమానం ఎప్పణ్ణించి?" అనడిగాను.

"బస్సు వచ్చినప్పణ్ణించి" అంది.